కెప్టెన్‌గారి రెండో ఇల్లు

దోన్ హెర్మోహెనెస్‌కు చుట్టరికాల పిచ్చి. ఎదురుపడిన మనిషిని తండ్రి ఇంటిపేరూ తల్లి ఇంటిపేరూ అడిగి, చేతిలో కాఫీ చల్లారేలోగా తాతముత్తాతల వెంట స్పెయిన్ దాకా వెళ్ళి, బంధువై తిరిగొచ్చేవాడు. ఊరికి కొత్తగా వచ్చిన పళ్ళ డాక్టరు ఈయన నోట్లో పట్టకారు పెడితే, ఆ నోటితోనే వివరాలన్నీ లాగి, పన్ను ఊడేసరికి "బావా!" అన్నాడు.

అంతటితో ఊరుకుంటేనా! పేర్ల పుట్టుక కూడా ఆయనకే కావాలి. కుట్టుపని చేసే ఒబ్దూలియా ఆయన చొక్కాకు కొలతలు తీస్తుంటే మొదలుపెట్టాడు.

"నీ పేరు అరబ్బులది తల్లీ! దేవుడి సేవకురాలని అర్థం. సరే, ఇంటిపేరో?"

"ఎక్స్‌పోసితో."

ఆయన రెండు చేతులూ పైకెత్తేశాడు. మఠం గుమ్మంలో దొరికిన పసిపిల్లలకు పెట్టే ఇంటిపేరది. అక్కణ్ణుంచి వెనక్కి వెళ్ళడానికి దారి లేదు.

"చేతులు దించండి, కొలత తప్పుతోంది" అంది ఒబ్దూలియా. తన ఇంటిపేరు దగ్గర మాటలు ఆగిపోవడం ఆమెకు అలవాటే.

అలవాటు లేనిది ఇంకోటి వచ్చిపడింది. రొట్టెల కొట్టు ఫాబ్రిసియో ఆమెను పెళ్ళాడతానన్నాడు. వాళ్ళమ్మ దోన్యా బ్రిహిదా చస్తే ఒప్పుకోనంది. ఆవిడ తాతగారు కెప్టెన్. ఆ కెప్టెన్‌ది స్పెయిన్‌లో గొప్ప వంశమని తవ్వితీసింది దోన్ హెర్మోహెనెసే. అప్పట్నుంచీ ఆవిడ కాలు నేలమీద ఆనడం లేదు.

"వంశం లేని పిల్ల నా ఇంటికా? వేలువిడిచిన మేనమామైనా ఉన్నాడా దానికి?"

ఒబ్దూలియా ఏడవలేదు. ఫాబ్రిసియో కోసం కుట్టిన పెళ్ళిచొక్కా కుట్లు విప్పుతూ కూర్చుంది. దోన్ హెర్మోహెనెస్ అది చూసి తట్టుకోలేకపోయాడు. ఆమెను వెంటబెట్టుకుని సరాసరి దోన్యా బ్రిహిదా ఇంటికి నడిచాడు.

"చెల్లెమ్మా, శుభవార్త! ఈ పిల్ల మీ తాతగారి మునిమనవరాలే!"

"అదెలా?"

"కెప్టెన్‌గారికి ఏటవతల రెండో ఇల్లు ఉండేదిలే."

దోన్యా బ్రిహిదా తలుపు మూసింది. కిటికీ కూడా మూసింది.

ఆయన ఆగలేదు. "రక్తసంబంధమని పాదిరీగారు పెళ్ళి చేయనంటారేమో. పోనీలే, కొత్త చుట్టం దొరికిందిగా! అవతలి ఒడ్డున ఇంకో నలభైమంది ఉంటారు. వాళ్ళనీ వెతికి పండక్కి నీ ఇంటికే తోలుకొస్తా."

"అన్నయ్యా, నీకు దణ్ణం పెడతా, నోరు మూసుకో! ఈ పిల్లకి ముందూ వెనకా ఎవరూ లేరు. లేకపోతేనేం? బంగారంలాంటి పిల్ల! శనివారమే పెళ్ళి!"

వీధిలోకి వచ్చాక ఒబ్దూలియా ఆయన్ను ఆపింది. "నిజంగా కెప్టెన్ నాకు ముత్తాతా?"

"ఛ! ఆయన పెళ్ళాన్ని రెండో కప్పు కాఫీ అడగడానికే వణికేవాడు. ఇన్నేళ్ళలో చచ్చినవాళ్ళ మీద ఒక్క అబద్ధం ఆడలేదు తల్లీ. పైకి పోయాక ఆయన కాళ్ళమీద పడతాలే" అని చెమట తుడుచుకున్నాడు.

శనివారం ఆమె చెయ్యి పట్టుకుని చర్చిలోకి నడిపించింది ఆయనే.

"అమ్మాయికి తమరేమవుతారు?" అని అడిగారు పాదిరీగారు.

ఏడు తరాలు గుక్కతిప్పుకోకుండా చెప్పే మనిషి తడబడ్డాడు.

"నాన్నని."

"మీకు పెళ్ళే కాలేదు కదండీ!"

"అదో పెద్ద కథ ఫాదర్. ముందు వీళ్ళ పెళ్ళి కానివ్వండి, వంశవృక్షం సాయంత్రం గీసుకొస్తా."

ఒబ్దూలియా నవ్వాపుకోలేక ఆయన భుజంలో మొహం దాచుకుంది.