రాదని రాయడానికి వచ్చిన పిల్ల

నన్ను నిపుణురాలిని చేసింది నా నోరే. అంతకుమించి నాకు వేరే అర్హత ఏమీ లేదు.

కరీంనగర్‌లో ఏదో సదస్సుకు మా పెద్దపల్లి బడి నుంచి ఎవరో ఒకరు పోవాలన్నారు. ఆ రోజు ఖాళీగా దొరికిన లెక్కల టీచర్ని నేనే కాబట్టి పోయాను. పదో తరగతిలో బడివాళ్ళు వేసే అంతర్గత మార్కులు ప్రతి పిల్లకూ ఇరవైకి ఇరవై ఎలా వస్తున్నాయో అంతుబట్టడం లేదని వేదిక మీది పెద్దలు తెగ ఆశ్చర్యపోతున్నారు. ఆ ఆశ్చర్యం చూసి నాకు ఒళ్ళు మండింది. లేచి నిలబడి, ఎలా వస్తాయి సార్, మేం వేస్తే వస్తాయి, తక్కువ వేస్తే ఎందుకు తగ్గాయని మీరే ఫోన్ చేస్తారు కాబట్టి వేస్తాం అన్నాను. హాలంతా గొల్లున నవ్వింది. వేదిక మధ్యలో కూర్చున్న పెద్దాయన మాత్రం నవ్వకుండా నా పేరు రాసుకున్నాడు. సస్పెండ్ చేస్తారేమో అని ఇంటికొచ్చి మా ఆయనకు చెబితే, నీ నోటికి ఎప్పుడో ఒకప్పుడు ఇది తప్పదని తెలుసులే అని అన్నం పెట్టుకుని తినేశాడు.

సస్పెన్షన్ రాలేదు. అంతకంటే పెద్ద ఆపద వచ్చింది. పదో తరగతికి రాబోయే పిల్లలకు నిజంగా ఏం వచ్చో తేల్చే పరిశోధన ఒకటి మొదలవుతోందట. దానికి సలహాలిచ్చే నిపుణుల కమిటీలో నన్ను క్షేత్రస్థాయి సభ్యురాలిగా వేశారట. ఇక స్టాఫ్‌రూంలో చూడాలి నా వైభోగం. తోటి టీచర్లు సుద్దముక్కను రెండు చేతులతో అందిస్తూ, "నిపుణురాలు గారూ, దీని పొడుగు సరిపోతదా, జర చూసి చెప్పుండ్రి" అనేవాళ్ళు.

కమిటీకి అధ్యక్షుడు ఆ పెద్దాయనే. హైదరాబాద్‌లో విశ్వవిద్యాలయంలో గణితం చెప్పి రిటైరైన మనిషి. మంచివాడు. ఆ మాట ముందే చెప్పేయాలి, ఎందుకంటే తర్వాత ఆయన్ను చాలా తిట్టబోతున్నాను. ఎవరేం చెప్పినా కళ్ళు మూసుకుని విని, ఇందులో రెండు కోణాలున్నాయి అనేవాడు. మూడో కోణం ఆయనకు ఎన్నడూ తట్టలేదు. ఆయన పక్కన పట్టికలు వేసే సారు ఒకాయన ఉండేవాడు. లాప్‌టాప్ తెరిచాడంటే ఆయనకు మనుషులు కనపడేవాళ్ళు కాదు. మొదటి సమావేశం మొత్తం, పరీక్ష అనాలా మదింపు అనాలా అన్నదానికే సరిపోయింది. పరీక్ష అంటే పిల్లలు జడుసుకుంటారట. మా పెద్దపల్లిలో మదింపు అంటే ఇంటిపన్ను వాళ్ళు వచ్చారని పిల్లల అవ్వాబాపులు కూడా జడుసుకుంటారు అన్నాను. ఇంతలో సమోసాలు వచ్చాయి. ఆ రోజు కమిటీ మొత్తానికి ఏకాభిప్రాయం కుదిరింది వాటి మీదే.

రెండో సమావేశంలో అసలు సంగతి బయటపడింది. తొమ్మిదో తరగతి పిల్లలకు తెలుగులో, లెక్కల్లో పరీక్ష పెడతారు. లెక్కల్లో మరీ వెనకబడ్డ బళ్ళకు ఏడాదిపాటు అదనంగా ఒక టీచర్ని ఇచ్చి, పిల్లల్లో ఏం మారిందో చూస్తారు. అయితే టీచర్ని ఇచ్చే మాట బళ్ళకు చెప్పకూడదు. చెబితే టీచర్ కోసం పిల్లల చేత కావాలని తప్పులు రాయిస్తారని పెద్దాయన భయం.

చెప్పకపోతే ఏం చేస్తారో నాకు తెలుసు. మా దగ్గర పైనుంచి ఎవరైనా వస్తున్నారంటే చాలు, చదువు రాని పిల్లలకు ముందురోజు సాయంత్రమే రేపు రావద్దని చెప్పేస్తారు. ఇది నేను చదువుకునే రోజుల నుంచీ ఉన్న పద్ధతే. ఇన్‌స్పెక్షన్ అంటే మా తరగతిలో సగంమందికి పండగ సెలవు. చదువు రాని పిల్ల పైనుంచి వచ్చినవాళ్ళ కంట పడితే బడి పరువు పోతుంది, అంతే, ఇందులో మోసం చేయాలన్న బుద్ధి కూడా ఎవరికీ ఉండదు. ఈ ముక్క చెబితే పెద్దాయన కళ్ళు మూసుకుని విన్నాడు. రెండు కోణాలున్నాయన్నాడు. సభ్యురాలి సందేహం అని మినిట్స్‌లో రాయించి తర్వాతి అంశానికి పోయాడు.

పత్తి ఏరే రోజుల్లో, చెన్నూరు దాటి గోదావరి వైపున్న ఒక ఊరి బడికి పోయాం. పరీక్ష పెట్టే బృందంతో పాటు పెద్దాయనా నేనూ చూడ్డానికి పోయాం. ఆ బడి లెక్కల టీచర్ బదిలీ మీద వెళ్ళిపోయాక ఆ కుర్చీలోకి ఎవరూ రాలేదు. సోషల్ చెప్పుకునే హెడ్‌మాస్టరే తీరిక దొరికినప్పుడు నాలుగు లెక్కలు చెబుతున్నాడు. ఆయన గేటు దగ్గరే శాలువాలతో ఎదురొచ్చాడు. తరగతిలోకి పోతే సగం బెంచీలు ఖాళీ. పిల్లలేరీ అంటే జ్వరాలన్నాడు. అందరికీనా అంటే, కొందరు పత్తికి పోయారన్నాడు. నేను పెద్దాయన మొహం చూశాను. ఆయన నా మొహం చూడలేదు.

ఉన్న పిల్లలు తలకు నూనె రాసుకుని బుద్ధిగా కూర్చున్నారు. పొద్దున తెలుగు పరీక్ష. చకచకా రాసి పారేశారు. మీరు ఉత్తపుణ్యానికి భయపెట్టారు మేడం అని పెద్దాయన మురిసిపోయాడు. నాకు అక్కడ కూర్చోబుద్ధి కాక బయటికి వచ్చాను.

గేటు బయట ఒక పిల్ల యూనిఫాం వేసుకుని నిలబడి ఉంది. హెడ్‌మాస్టర్ వెనక్కి పెట్టుకున్న చేత్తో ఇంటికి పొమ్మని సైగ చేస్తున్నాడు. పిల్ల కదలడం లేదు. నేను దగ్గరికి పోయి, తొమ్మిదా అని అడిగాను. అవునంది. మరి లోపలికి రాలేదేమంటే, సారు రావద్దన్నాడంది.

"రావద్దంటే ఎందుకొచ్చినవ్ మరి?"

"నాకు లెక్కలు రావు మేడం. రావని రాద్దామని వచ్చిన."

ఆ పిల్లే చెప్పుకుంటూ పోయింది. వాళ్ళ అక్కకు పోయినేడు పదిలో లెక్కలొక్కటే పోయాయి. ఇప్పుడు పత్తి ఏరుతోంది. వచ్చే ఏడు ఈ పిల్లకూ పోతే దీన్నీ పత్తికే తోలుతానని బాపు చెప్పేశాడు.

"నాకు రాదని మీరు సూస్తె, సారునెవరినన్న తోలుతరేమో అని."

ఆ పిల్లను దగ్గరికి తీసుకుని, అదే బిడ్డా, దానికే వచ్చాం అని చెప్పాలనిపించింది. నోరు విప్పకూడదని సంతకం పెట్టి ఉన్నాను. నేను నోరు మూసుకున్నది నా సర్వీసులో అదొక్కసారే, ఇప్పటికీ నాకు ఆ కమిటీ మీద కోపం తగ్గలేదు. హెడ్‌మాస్టర్‌ని పిలిచి, మధ్యాహ్నం లెక్కల పరీక్షకు ఈ పిల్లను కూర్చోబెట్టండి అన్నాను. ఆయన మొహం మాడిపోయింది.

"గీమెకు ఎక్కాలే సక్కగ రావు మేడం. బడి ఇజ్జత్ పోతది."

పోనివ్వండి అన్నాను.

మధ్యాహ్నం భోజనం హెడ్‌మాస్టర్ ఇంట్లో. నాటుకోడి కూర, జొన్నరొట్టె, పుంటికూర పచ్చడి. పెద్దాయనకు బీపీ, షుగర్, ఇంట్లో ఏళ్ళ తరబడి సొరకాయ పులుసు. కోడికూర చూడగానే మనిషి మారిపోయాడు. మారు వడ్డించుకున్నాడు, మళ్ళీ వడ్డించుకున్నాడు. హెడ్‌మాస్టర్ చేతులు కట్టుకుని, లెక్కల టీచర్ లేకున్నా ఏ లోటూ రానీయకుండా నెట్టుకొస్తున్నామని వినయంగా చెప్పాడు. పాపం, పెద్దాయన మనసు కరిగింది. ఎముక పక్కన పెట్టి, అలా దిగులు పడకండి, ఈ పరీక్షలో పిల్లలు వెనకబడితే మీకు టీచర్ వచ్చేస్తాడు అనేశాడు.

నెలల తరబడి మేం సీలు వేసి దాచిన రహస్యం కోడికూర ముందు నిలవలేదు. నేను గ్లాసు కింద పడేశాను, దగ్గాను, ఏం లాభం. పెద్దాయనకు వెంటనే తెలివి వచ్చింది. ఇది మీ మనసులోనే ఉంచుకోండి అన్నాడు. మనసులోనే సార్ అన్నాడు హెడ్‌మాస్టర్, అప్పటికే ఫోన్ వెతుక్కుంటూ.

మేం తిరిగి వచ్చేసరికి తరగతి కిటకిటలాడుతోంది. పొద్దుటి జ్వరాలన్నీ దిగిపోయాయి. పత్తి చేన్ల నుంచి ఆటోల్లో దిగిన పిల్లలు జుట్టులో దూది అలాగే ఉండగా బెంచీల మీద కూర్చున్నారు. ప్రశ్నపత్రాలిచ్చారు. మంచిర్యాలలో గణితం పోటీలో బహుమతి తెచ్చుకున్న పిల్లవాడు ఏడు ఎనిమిదులు పదిహేను అని రాశాడు. ఇంకో అమ్మాయి అలవాటు కొద్దీ సరైన జవాబు రాసి, నాలుక కరుచుకుని, రబ్బరుతో చెరిపింది. నేను బెంచీల మధ్య తిరుగుతూ చూస్తున్నాను, తల కొట్టుకోవాలనిపించింది. పెద్దాయన కూడా చూశాడు.

చివరి బెంచీలో గేటు దగ్గరి పిల్ల ఒక్కతే నిజంగా కుస్తీ పడుతోంది. ఒక్కో లెక్కా మొదలుపెడుతుంది, పక్కన వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంటుంది, ఎక్కడో తప్పిపోతుంది, కొట్టేసి గుండ్రని అక్షరాలతో 'రాదు' అని రాస్తుంది. ప్రతి ప్రశ్న కిందా అంతే. గంట కొట్టేదాకా తలెత్తలేదు.

తిరుగు దారిలో కారు మంచిర్యాల చేరింది. అప్పుడు పెద్దాయన, చెబితే ఇలాగే చేస్తారని నేను ముందే అన్నాను మేడం అన్నాడు. చెప్పింది మీరే కదా సార్, చెప్పకముందు ఏం చేస్తారో నేనూ ముందే అన్నాను అన్నాను. ఆయన ఏ కోణమూ ఎత్తలేదు. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

కరీంనగర్‌లో చివరి సమావేశం. భోజనం దగ్గర నోరు జారిన సంగతి పెద్దాయన తనే ఒప్పుకున్నాడు. పట్టికల సారు తెర మీద ఆ బడి లెక్కల మార్కులు వేశాడు. పైనుంచి కిందదాకా సున్నాలు. ఈ బడి పాడైపోయింది, తీసేద్దాం అన్నాడు. ఒక్క కాగితం మాత్రం నిజమైనదని నేను పట్టుబట్టాను. ఆయన చిరాకు పడలేదు, అబద్ధం ఎందుకు చెప్పాలి, మర్యాదగానే అడిగాడు, ఇన్ని సున్నాల్లో నిజం సున్నా ఏదో నేనెలా చెప్పను మేడం అని. ఆ పిల్ల రాదు అని రాసింది కదా అన్నాను. రాదని రాసినా, తప్పు రాసినా, ఖాళీగా వదిలినా మన పద్ధతిలో సున్నాయే అన్నాడు. పెద్దాయన నా పక్షాన చాలాసేపు వాదించాడు. ఇంకోసారి పరీక్ష పెడదామన్నాడు. పట్టికల సారు నియమాల కాగితం ముందుకు జరిపాడు. సంగతి తెలిసిపోయిన బడిని లెక్కలోంచి తీసేయాలని ఉంది అందులో. ఆ నియమం రాసింది పెద్దాయనే. దాని మీద సంతకమూ పెట్టాడు. ఆ బడికి రావాల్సిన టీచర్ వేరే బడికి పోయాడు. అక్కడి పిల్లలకూ అవసరమే, కాదనను.

కొన్నాళ్ళకు హెడ్‌మాస్టర్ ఫోన్ చేశాడు. ఆ పిల్ల రోజూ ప్రాణం తోడేస్తోందట, మీరే చెప్పండి అని ఫోన్ దాని చేతికిచ్చాడు.

"మేడం, నాకు సున్నా వచ్చిందా?"

వచ్చిందన్నాను. ఇన్నేళ్ళ సర్వీసులో సున్నా వచ్చిందంటే సంబరపడ్డ గొంతు వినడం నాకు అదే మొదలు. వచ్చిందట అని పక్కనెవరికో చెప్పింది. మళ్ళీ ఫోన్‌లోకి వచ్చి, మరి సారు ఎప్పుడొస్తాడని అడిగింది.

రాడని చెప్పాను. మీ బడివాళ్ళు కావాలని తప్పులు రాశారని తేలిందని, అందుకని బడినే లెక్కలోంచి తీసేశారని చెప్పాను. చెబుతుంటే నా మాటలు నాకే అసహ్యంగా వినిపించాయి.

"నేను కావాలని రాయలే మేడం. నాకు నిజంగనే రాదు."

"నాకు ఎరుకే బిడ్డా."

"మరి గా మాట వాళ్ళకు చెప్పలేదా మేడం?"

"చెప్పిన బిడ్డా," అన్నాను. "మస్తు చెప్పిన."