మామ ఎద్దులు చేసిన రిపేరు

ఇప్పుడంటే పొద్దు వాలేసరికి ఈ నడుము నాది కాదన్నట్టు ఉంటుంది గానీ, ఆ రోజుల్లో అలసట అనేది పెద్దవాళ్ళు పని తప్పించుకోవడానికి కనిపెట్టిన మాట అనుకునేవాణ్ణి. డిగ్రీ అయిపోయింది, ఉద్యోగం రాలేదు (నేనూ దానికోసం పెద్దగా వెతికింది లేదు). త్రిపురాంతకం దగ్గర మా ఊళ్ళో నాయనకు కాస్త బత్తాయి తోట ఉంది. చెట్ల వరసల మధ్య పెద్ద ట్రాక్టరు పట్టదని నాయన వెంటపడి, అలిగి, ఒక పూట అన్నం మానేసి చిన్న ట్రాక్టరు కొనిపించాను. దానికి ముందువైపు రెండు ఇనుప చేతులు, వాటి చివర పెంట ఎత్తడానికీ మట్టి తొయ్యడానికీ ఒక బకెట్. అమ్మినవాళ్ళు దాన్ని లోడరు అన్నారు. మా ఊరివాళ్ళు తొండం అన్నారు, ఆ పేరే నిలిచింది.

కొనేటప్పుడు నాయన ఒక షరతు పెట్టాడు. "ఇది ఒక్కసారి ఇరిగినా అమ్మేస్తా. నువ్వు పోయి మీ చిన్నాయన దుకాణంలో కుచ్చోవాల." చిన్నాయనకు మార్కాపురంలో ఎరువుల దుకాణం ఉంది. అంతకుముందు ఎండాకాలం నేను అక్కడ కొన్నాళ్ళు కూర్చున్నాను. ఇంటికి వచ్చి స్నానం చేసినా పురుగుల మందు వాసన పోయేది కాదు, కలలో కూడా ఎవరో వచ్చి పోయినేడు తీసుకున్న మందు పనిచెయ్యలేదని తగువు పెట్టుకునేవారు. అందుకని ఆ తొండాన్ని నేను కంటికి రెప్పలా చూసుకునేవాణ్ణి.

శివరాత్రి వచ్చింది. నాయన ఊళ్ళోవాళ్ళతో కలిసి దోర్నాల అడవి మీదుగా శ్రీశైలానికి నడిచిపోతూ, "నేనొచ్చేలోపల ఆ పెంటదిబ్బ చెట్ల మొదళ్ళకు చేర్చు" అని చెప్పి వెళ్ళాడు. చేర్చి ఉండేవాణ్ణే, మా మామ లేకపోతే.

మామ అంటే అమ్మ తమ్ముడు, మా ఊళ్ళోనే ఉంటాడు. ఆయనకు బండలాగుడు పందేల ఎద్దుల జత ఒకటి ఉండేది. అత్తకు చీర కొన్న జ్ఞాపకం ఎవరికీ లేదు గానీ ఆ ఎద్దులకు ఉలవలు తగ్గిన రోజు లేదు. మా బీడుచేలోనే వాటికి సాధన చేయించేవాడు. ఆ చివర నుంచి ఈ చివరకు బండ లాగడం, మళ్ళీ తిరగడం, మళ్ళీ లాగడం. నాయన అటు వెళ్ళిన మర్నాడు మామ నా దగ్గరకు వచ్చి, "అల్లుడా, ఆ బండ కొంచెం గట్టు పక్కకు జరుపు. నీ తొండానికి అదేమంత" అన్నాడు.

తొండాన్ని ఎవరైనా పొగిడితే నాకు ఒళ్ళు తెలిసేది కాదు. బకెట్ బండ కిందికి దూర్చి ఎత్తాను. బండ ఒక జానెడు లేచింది, మామ సంతోషంగా తలపాగా సర్దుకున్నాడు, అంతలో బండ ఒక మూలకు జారింది. కుడివైపు ఇనుప చెయ్యి మూలిగినట్టు చప్పుడు చేసి వంకర తిరిగిపోయింది. బండ మాత్రం మళ్ళీ ఎప్పటిచోటే పడింది.

మార్కాపురం నుంచి వెల్డింగు ఆయన్ని బతిమాలి పిలిపించేసరికి రెండు రోజులు పట్టింది. ఆయన చూసి, "కాల్చి మెత్తగా చేసి, గొలుసు కప్పీ ఏసి నిదానంగా లాగితే వంకర పోతది. కప్పీ ఎవురో తీసకపోయినారు. రేపు తెస్తా" అన్నాడు. రేపటికి నాయన వచ్చేస్తాడు. ఆ మాట చెప్పి నేను దిగాలుగా గట్టు మీద కూలబడ్డాను. అప్పటికే నిద్ర లేక కళ్ళు మండుతున్నాయి. మామ నా పక్కన కూర్చుని చాలాసేపు ఆలోచించాడు (ఆయన ఆలోచిస్తుంటే మాకందరికీ భయం), తరువాత అన్నాడు.

"కప్పీ ఎందుకు అల్లుడా? వంచింది బండ. ఆ బండనే లాగే ఎద్దులుండాయి. అవే సరిచేస్తాయి."

ఆ అలసటలో నాకది న్యాయంగానే తోచింది. వెల్డింగు ఆయన మాత్రం, "నిదానంగా లాగాల పెద్దాయనా. ఎద్దులు నిదానంగా లాగుతాయా?" అని అడిగాడు. మామ నొచ్చుకున్నాడు. "నా మాట ఇంటాయి. నేను ఎట్ల జెప్తే అట్ల" అన్నాడు.

ట్రాక్టరు వెనకభాగాన్ని మోకుతో వేపచెట్టుకు కట్టాం. వంగిన ఇనుప చేతికి గొలుసు తగిలించి, దాని కొస ఎద్దుల కాడికి వేశాం. నన్ను సీటు మీద కూర్చోబెట్టి, "బ్రేకు మీద కాలు తియ్యొద్దు" అన్నాడు మామ. వెల్డింగు ఆయన చేతిని ఎర్రగా కాల్చాడు. పందెపు ఎద్దులు తొండాన్ని లాగుతున్నాయంటే ఊళ్ళో ఇంట్లో ఉండేదెవరు? గట్ల మీద జనం నిండిపోయారు. మామ మెల్లగా అదిలించాడు. ఎద్దులు కదల్లేదు. ఇంకోసారి అదిలించాడు. కదల్లేదు. జనం చూస్తున్నారు, ఆయనకు తలకొట్టేసినట్టయింది. ఇక అలవాటు ప్రకారం ఈల వేసి, చర్నాకోల గాల్లో ఝళిపించి కేక పెట్టాడు.

మొదటి ఊపుకే ఇనుప చెయ్యి తిన్నగా అయింది. రెండో ఊపుకు అది చాలక ఎడమకు ఒరిగింది. మూడో ఊపుకు మోకు తెగింది. బ్రేకు మీద రెండు కాళ్ళూ పెట్టి లేచి నిలబడ్డా ట్రాక్టరు ఆగలేదు, చక్రాలు తిరక్కుండానే చాళ్ళు తీసుకుంటూ సాగిపోయింది. మామ పక్కన పరిగెత్తుతూ, ఆపడానికి బదులు ఇంకా ఉత్సాహపరుస్తున్నాడు. చేను చివరకు వచ్చాక ఆగుతాయనుకున్నాను. అవి పందెపు ఎద్దులు కదా, చివర రాగానే వాటంతట అవే తిరిగాయి. ఆ తిరుగుడులో బకెట్ అక్కడున్న పెంటదిబ్బలోకి దూరి నిండా పెంట ఎత్తుకొని బయటకొచ్చింది. ఎవరో గట్టు మీద దూరం కొలవడం మొదలుపెట్టారు.

అప్పుడే దోర్నాల వైపు నుంచి వచ్చే బస్సు చేను పక్క రోడ్డు మీద ఆగింది. ప్రసాదం సంచి భుజాన వేసుకొని నాయన దిగాడు, ఒకరోజు ముందే (కాళ్ళు బొబ్బలెక్కి, తిరుగుదారి బస్సెక్కాడట). ఎద్దులు అలసి సరిగ్గా ఆయన ముందుకొచ్చి నిలబడ్డాయి. సీటు మీద నేను, కాడి పక్కన మామ, బకెట్ నిండా పెంట. నాయన అందరినీ ఒకసారి చూసి, "ఏందిరా, డీజిల్ అయిపోయిందా?" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. షరతు నాకు గుర్తుంది, ఆయనకూ గుర్తుంది. నాయన తొండం చుట్టూ తిరిగి, ఎడమకు ఒరిగిన చేతిని తట్టి చూసి, "దీన్ని ఇప్పుడు ఎవురు కొంటారురా? నువ్వే తోలుకో. ఆ పెంట పోయి చెట్టుకు ఎయ్యి" అని ఇంటికి వెళ్ళిపోయాడు. కొనేవాడు లేక నేను రైతునయ్యాను. చాలాకాలం అందరికీ అట్లాగే చెప్పుకొని నవ్వించేవాణ్ణి.

మొన్నీమధ్య మామ ఇంటికెళ్తే, మాటల్లో ఆయన అన్నాడు. "ఆ నెలలోనే గిద్దలూరు నుంచి ఒకాయన బేరానికి వచ్చినాడు అల్లుడా, నీకు తెలవదు. వంకరున్నా పర్లేదన్నాడు. మీ నాయన, 'మా వాడు దాని మీద పానం పెట్టుకున్నాడు, అమ్మేది లేదు' అని పంపించినాడు."

ఇంటికొచ్చి కొట్టంలో ట్రాక్టరు ముందు కాసేపు నిలబడ్డాను. బకెట్ ఇప్పటికీ ఎడమకే ఒరిగి ఉంటుంది. దాన్ని సరిచూసుకుంటూ ఇన్నేళ్ళు అటే వంగి తోలీ తోలీ నా ఎడమ భుజం కూడా కిందికే దిగింది. చిన్నాయన దుకాణంలో ఫ్యాను కింద కూర్చుని ఉంటే ఈ నడుము ఇట్లా అయ్యేది కాదని రోజూ గొణుక్కుంటాను. ఆ రోజు మాత్రం గొణుక్కోలేదు. బ్రేకు మీద రెండు కాళ్ళతో నిలబడి, తరువాత నాయన ముందు ఏడ్చిన ఆ కుర్రవాణ్ణి తలుచుకుని, నడుం పట్టుకొని మెల్లగా సీటెక్కాను. పెంట ఇంకా మిగిలి ఉంది.