రోడ్డు పక్క సాళ్లు

మక్క నిలబడి ఉన్నన్నాళ్లు మా పసుపు రోడ్డుకు కనిపించలేదు. పసుపు సాళ్ల మధ్య మక్క, అంటే మొక్కజొన్న, వేయడం మా దగ్గర అలవాటు. ఆ మక్క కోసి, చొప్ప తీసిన మర్నాడు రోడ్డు వైపు మడి బయటపడింది. ఆకులు అంచుల నుంచి పండుబారి, అక్కడక్కడ కుదుళ్లు వాలిపోయి ఉన్నాయి. దుంపకుళ్లు.

అది రావాల్సిన తెగులే. రావాలనే ఆ మడిని వదిలేశాం. కానీ రోడ్డు మీద పోయేవాడికి ఆ సంగతి ఎలా తెలుస్తుంది?

మా తాత బండ్లు చేరాకే ఆర్మూర్ మార్కెట్లో పసుపు వేలం మొదలయ్యేదట. నా చేతికి వచ్చేసరికి మిగిలింది రోడ్డు పక్క రెండెకరాలు. ఇప్పటికీ నన్ను పటేలా అనే పిలుస్తారు. ఆ పిలుపులో గౌరవమెంతో, తక్కినదెంతో నాకు తెలుసు.

దుంపకుళ్లు మీద పరిశోధన చేస్తున్న ఒక సైంటిస్టు మే నెలలో మా ఇంటికి వచ్చింది. సిరికొండ వైపు రైతు బిడ్డ. కుళ్లు రాని పొలాల మట్టిలోంచి ఒక సూక్ష్మజీవిని వేరుచేసి, ల్యాబులో పెంచి, పొడిగా తయారు చేసింది. విత్తన దుంపకు ఆ పొడి పట్టిస్తే కుళ్లు ఆగుతుందా లేదా అన్నది తేలాలి. అప్పటికే రెండేళ్లు పరీక్షించింది. ఇది మూడో ఏడు, చివరిది. ఆలూర్‌లో ఒక పొలం, సిరికొండలో ఒకటి, ఇక్కడ మాది. మూడు చోట్లా లెక్క సరిగ్గా వస్తేనే ఆ పని ముందుకు సాగుతుంది, లేకపోతే అక్కడితో ఆపేస్తారు.

పొలంలో మూడు మళ్లు గీసింది. ఒకదానికి ఆమె పొడి, ఒకదానికి బజారు మందు, ఒకదానికి ఏమీ వేయకూడదు. ఏది దేనికో చీటీలు తీసింది. ఏమీ వేయని మడి రోడ్డు పక్కకు వచ్చింది.

"దాన్ని లోపలికి మార్చరాదు?" అన్నాను.

"నా ఇష్టం, మీ ఇష్టం నడిస్తే గది పరీక్ష ఎట్లయితది సార్? ఏమైనా సరే, దాన్ల చుక్క మందు పడొద్దు."

మాట ఇచ్చాను.

మక్క కోసిన నాలుగో రోజు ఆలూర్ వైపు పోయే ఒక రైతు నా పక్కన బండి ఆపాడు. మా నాన్న కాలంలో మా గడప బయటే నిలబడి మాట్లాడినవాడు. ఇప్పుడు బండి దిగకుండానే పొలం వంక చూశాడు.

"ఏందే పటేలా, అందరికన్న ముందే తవ్వేటట్టున్నవ్. నీ పసుపు అప్పుడే పండింది."

ఇది పరీక్ష కోసం వదిలిన మడి అని ఒక్క ముక్క చెబితే సరిపోయేది. కానీ వాడికి నేను సంజాయిషీ ఇవ్వడమా? "చూసుకుంటా" అన్నాను.

"జర చూసుకో మరి. మీ తాతైతే గిట్ల ఇడిసిపెట్టేటోడు కాదు."

ఆ మధ్యాహ్నమే మందు తెచ్చి డ్రమ్ములో కలిపాను. కూలీని పిలవలేదు. మగ్గుతో ఒక్కో కుదురు మొదట్లో పోసుకుంటూ పోయాను. అన్నానికి కూర్చున్నప్పుడు నా గోళ్లలో నీలం మరక చూసి నా భార్య అడిగింది.

"మేడంకు చెప్పిండ్రా?"

"ఆమెకెందుకు? పొలం నాది."

"మాట గూడ మీదే గదా."

నేను మరో ముద్ద కలుపుకున్నాను.

పన్నెండు రోజుల తర్వాత సైంటిస్టు స్కూటీ మీద వచ్చింది. నోటుబుక్కు తీసుకుని రోడ్డు పక్క మడిలో దిగింది. నేను గట్టు మీద నిలబడ్డాను. మడి లోపలి వైపు ఒక కాండం పట్టి లాగితే చేతిలోకి ఊడి వచ్చింది, కుళ్లు వాసన గట్టు దాకా కొట్టింది. రోడ్డు వైపు సాళ్లలో మాత్రం పాత ఆకులు ఎండినా సుడి ఆకు పచ్చగా లేస్తోంది. కాండం లాగితే రాలేదు. మళ్లీ లాగింది. మొదటి సాలు నుంచి మళ్లీ లెక్క మొదలుపెట్టింది. రెండోసారి ముగించాక గట్టు మీద కూలబడింది.

"ఏం పోయకున్నా గీ సాళ్లల తెగులు ఆగింది సార్. అంటే నా పొడి మడిల ఆగింది గూడ పొడితోని కాదేమో." నోటుబుక్కులో రెండు లెక్కలూ పోల్చి చూసింది. తర్వాత తలెత్తింది. "సార్, ఏమన్న పోసిండ్రా?"

"లేదు."

అంత తొందరగా ఎలా అన్నానో నాకే తెలియదు.

ఆమె నా మొహంలోకి పరీక్షగా చూడనైనా లేదు. "మీరు పోయలేదంటే పోయలేదు" అంటూ నోటుబుక్కులో రాసుకోవడం మొదలుపెట్టింది. వేరేవాళ్లయితే మట్టి తీసి చూసేదేమో. నా దగ్గర ఆ అవసరం లేదనుకుంది. మా ఇంటి మాటకు విలువ తగ్గిందని ఇన్నేళ్లుగా లోలోపల మండిపడ్డాను. ఆమె పూర్తి విలువ ఇచ్చింది, ఆ విలువ మీదే తన మూడేళ్ల పని తప్పని రాసుకుంటోంది.

పుస్తకం మూసి స్కూటీ దాకా వెళ్లింది. తాళం తిప్పింది.

"ఆగు బిడ్డా" అన్నాను. అంతకుముందు ఎప్పుడూ అలా పిలవలేదు. "పోసిన."

తాళం తీసి వెనక్కి వచ్చింది. తిట్టలేదు. ఏ మందు, ఏ రోజు, నీళ్లలో ఎంత కలిపాను, ఒక్కొక్కటే అడిగి రాసుకుంది. రాస్తుంటే పెన్ను కాగితాన్ని చింపేలా ఉంది.

"మడంత పోసిండ్రా?"

సాళ్లలోకి నడిచాను. ఎనిమిదో సాలు దాటి నిలబడ్డాను. "గిక్కడిదాంక. గీ వెనుక సాళ్లు ముట్టలే."

ఆమె నన్ను చూసి, రోడ్డు చూసి, మళ్లీ నన్ను చూసింది.

"రోడ్డుకు కనవడేదాంకనే పోసిండ్రు."

నేను చూపు సాళ్ల మీదికి దించాను. నడుము మాత్రం వంచలేదు.

"ముట్టని సాళ్లయే లెక్క పెడ్త" అంది. "నీళ్లు అటు పారినయా లేదా చూడాలె, పక్కనున్న రెండు సాళ్లు ఇడిసిపెట్టాలె. పైనోళ్లు ఒప్పుకుంటరో లేదో తెల్వది. మీరు పోసింది మీ చేతితోనే రాసియ్యుండ్రి."

రాసి సంతకం పెట్టాను. ఆమె స్కూటీ డిక్కీలోంచి నాలుగు తెల్లరంగు కట్టె మేకులు, తాడు తీసి నా చేతిలో పెట్టింది. ఎనిమిదో సాలు దగ్గర మొదటి మేకు దిగ్గొడుతుంటే రోడ్డు మీద బండి ఆగింది. అదే మనిషి.

"ఏం కట్టవడ్తివే పటేలా?"

ఈసారి నిటారుగా లేచి, వాడికి వినపడేలా చెప్పాను.

"పరీక్ష మడిల నేను మందు పోసిన. యాడిదాంక పోసిన్నో గుర్తు పెడ్తున్న."

వాడు సాళ్ల వంక ఒకసారి చూసి బండి కదిలించాడు. నేను రెండో మేకు తీసుకున్నాను. వెనుక సాళ్లలో ఆమె లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలైంది.