కరెంటు ముత్తయ్య ఇంటికి: ఖమ్మం నుంచి చర్ల అవతలి దాకా

నా భార్య సుజాత పోయింది మంగళవారం. ఆ పొద్దున రెండు చెంచాల రాగిజావ తాగింది. ఉప్పు తక్కువైందని వేళ్లతో చూపించింది. నాలుకకు రుచి తెలియక నెల దాటిన మనిషి ఉప్పు అడిగిందంటే కోలుకుంటోందనుకున్నాను. మధ్యాహ్నానికి ఆయాసం పెరిగింది. ఛాతీలో నిమ్ము చేరిందని డాక్టర్లు అంతకుముందే చెప్పారు. దిండ్లు ఎత్తుగా పెట్టి కూర్చోబెట్టాను. నా చొక్కాకు ఒక గుండీ వదులైందని చూసి, దాన్ని పట్టుకునే ఉంది. నాలుగు గంటలకు పోయింది. గొంతు క్యాన్సర్‌కు రేడియేషన్, కీమో రెండూ పూర్తి చేసింది. గడ్డ తగ్గిందన్నారు. ప్రాణం తీసింది నిమ్ము.

కార్యం అయ్యాక ముత్తయ్యకు ఫోన్ చేశాను. చర్ల అవతల, అడవి అంచున ఉన్న ఊళ్లో మిర్చి రైతు. ఆయనకూ అదే జబ్బు. ఖమ్మం దవాఖానాలో రేడియేషన్ గది ముందు బెంచీ మీద పరిచయం. సుజాత బడిలో టీచరని తెలిసి మొదటి రోజే, "నాకైతే చుట్టలతోని వచ్చింది టీచరమ్మా, నీకు సుద్దముక్కలతోని వచ్చిందా?" అన్నాడు. సుజాత గొంతు అప్పటికే గుసగుసకు దిగింది. నా చెవిలో చెప్పింది, నేను పైకి చెప్పాను: "మీరు చుట్టలు కాల్చారట, తను పిల్లల్ని కాల్చుకుతిన్నదట." బెంచీ మొత్తం నవ్వింది. ఆ తర్వాత రోజూ వాళ్ల కబుర్లకు నేనే నోరు.

ఫోన్ ఎత్తింది ముత్తయ్య భార్య నాగమ్మ. "కరెంటు బందువెట్టి పది దినాలు దాటింది సారు. ఇంట్లకు వస్తలేడు. చేన్ల మంచె మీదనే పంటుండు. మనుమరాలిని ముట్టుకుంటే షాకు కొడ్తదంట." మా వైపు రేడియేషన్‌ను కరెంటు పెట్టడం అంటారు. ఆ మాటే ఆయన్ని పట్టుకుంది. ఒంట్లో కరెంటు నిలిచిపోయిందనుకున్నాడు. డాక్టర్‌ను అడిగాను. ఇన్ని రోజులు ఆపడం మంచిది కాదని, ఇప్పుడైనా తీసుకొస్తే మిగతాది పూర్తి చేయవచ్చని అన్నారు. నాగమ్మ టీచరమ్మ ఎలా ఉందని అడిగింది. వచ్చి చెప్తానన్నాను.

ఆదివారం తెల్లవారుజామున ఖమ్మం బస్టాండులో భద్రాచలం ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. కొత్తగూడెం, పాల్వంచ మీదుగా మూడున్నర గంటలు పట్టింది. ఛార్జీ రెండు వందల లోపే. రేడియేషన్ జరుగుతున్నవాళ్లతో వస్తుంటే ముందు సీట్లు తీసుకోండి, వెనక కుదుపు ఎక్కువ. నోట్లో లాలాజలం ఉండదు కాబట్టి నీళ్ల సీసా చేతిలోనే ఉండాలి. మెడ మీద చర్మం కమిలి ఉంటుంది, పాత నూలు పంచె ముక్క కప్పితే ఎండ తగలదు. సుజాత నా పంచెలు రెండు చింపింది. కొత్తవే చింపింది, పాతవి గరుకట.

గోదావరి వంతెన దాటగానే భద్రాచలం బస్టాండు దగ్గర ఇడ్లీ తిని చర్ల బస్సు ఎక్కాను. దుమ్ముగూడెం మీదుగా దాదాపు రెండు గంటలు. ఇది మిర్చి కోతల కాలం. రోడ్డుకు రెండు వైపులా కళ్లాలు ఎర్రగా పరుచుకుని ఉన్నాయి. కిటికీ మూసినా ఘాటు వచ్చింది. దగ్గాను. కాలిన గొంతుతో ఒక మనిషి ఈ ఘాటు మధ్యే పడుకుంటున్నాడని అప్పుడు గుర్తొచ్చింది.

చర్లలో దిగి షేర్ ఆటో దగ్గర ఊరి పేరు, ముత్తయ్య పేరు చెప్పాను. డ్రైవర్ సైదులు నన్ను కింది నుంచి పైదాకా చూశాడు.

"ఏ ముత్తయ్య సార్? కరెంటు ముత్తయ్యనా?"

"అవును."

"మీరు కరెంటాఫీసా? మా ట్రాన్స్‌ఫార్మర్ కాలి నెలైతుంది."

కాదని చెప్పి, ఆయన్ని రేపు తీసుకొస్తావా అని అడిగాను. సైదులు హ్యాండిల్ వైపు చూశాడు.

"ఎవ్వరం ఎక్కించుకుంటలేం సార్, తప్పుగ అనుకోకుండ్రి. ఫోన్లు కరాబైతయని ఒకరు, బ్యాటరీ దిగిపోతదని ఒకరు."

"ఆయన ఎక్కినప్పుడు నీ బ్యాటరీ దిగిందా?"

"అది ఎప్పుడూ దిగే ఉంటది సార్."

వెనక కూర్చున్న ఆడవాళ్లు నవ్వారు. కరెంటు మిషన్‌లోనే ఉంటుందని, మనిషి బయటికి వచ్చాక ఒంట్లో ఏమీ మిగలదని వాళ్లందరికీ వినబడేలా చెప్పాను. సైదులు ఆటో తీశాడు. దారిలో పోలీసు క్యాంపు దగ్గర దిగి ఆధార్ చూపించాలి. అక్కడి నుంచి రోడ్డు మట్టిదే, గుంతలు ఎక్కువ.

నాగమ్మ కళ్లంలో కాయ ఏరుతోంది. చేట చేతిలో పట్టుకునే నన్ను చేను మధ్యనున్న మంచె దగ్గరికి తీసుకెళ్లింది. పైన కూర్చున్న ముత్తయ్య మెడ నల్లగా కమిలి ఉంది, మనిషి సగమయ్యాడు. నన్ను చూసి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆడనే ఆగు సారూ. టీచరమ్మ రాలేదా?"

బస్సులో రెండు జవాబులు సిద్ధం చేసుకున్నాను. అబద్ధమైతే ఆయన వెంటనే బయలుదేరవచ్చు. కానీ ఖమ్మంలో ఆ బెంచీ దగ్గర ఎవరో ఒకరు నిజం చెప్తారు, మళ్లీ వెనక్కి వస్తాడు.

"సుజాత పోయింది ముత్తయ్యన్నా."

నాగమ్మ చేతిలోని చేట కింద పెట్టింది. ముత్తయ్య మంచె అంచుకు జరిగాడు.

"కరెంటు మొత్తం పెట్టించుకున్నంకనే గదా?"

"అవ్. కానీ కరెంటుతో కాదు. గడ్డ తగ్గింది. నిమ్ము చేరింది."

"నాకు చేరదని రాసిస్తవా?"

"రాసియ్యలేను. ఆపితే గడ్డ పెరుగుతదని మాత్రం డాక్టర్ చెప్పిండు."

తల ఊపాడు. అయిపోయిందనుకున్నాను. తర్వాత ఆయన అడిగింది నేను ఊహించనిది.

"రాత్రిళ్లు ఆయమ్మను ఏడ పండవెట్టినవ్?"

"నా పక్కనే."

"కరెంటు పెట్టినన్ని దినాలా?"

"అన్ని దినాలు."

"నీకేం కాలే?"

"చలికి చచ్చిన. దుప్పటి మొత్తం ఆమే గుంజుకునేది."

నాగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో తెలియలేదు. "నా దుప్పటి గుంజెటోడు లేక పది దినాలాయె" అంది, మంచె వైపు చూడకుండా.

ముత్తయ్య ఒక్కో మెట్టు దిగి వచ్చాడు. మింగితే నిప్పు కణిక దిగినట్టుందన్నాడు. సుజాత చేసినవే చెప్పాను. ఉప్పు, వంటసోడా కలిపిన గోరువెచ్చని నీళ్లు రోజుకు నాలుగైదుసార్లు పుక్కిలించడం. జావ పల్చగా, చల్లార్చి, నిటారుగా కూర్చుని కొద్దికొద్దిగా తాగడం. తాగేటప్పుడు దగ్గు వస్తే అదే రోజు డాక్టర్‌కు చెప్పడం. మిర్చి కళ్లానికి దూరంగా పడుకోవడం.

"కాయ ఎవరు చూస్తరు?" అన్నాడు.

"నేను చూస్త. నువ్వు లేవని మిరపకాయలు ఏడుస్తయా?" అంది నాగమ్మ. నాకు అన్నం పెట్టింది. ఆయనకు జావలో మజ్జిగ కలిపి గిన్నె చేతికే ఇచ్చింది. ఆయన గిన్నె కింద పెట్టమని సైగ చేశాడు. ఆమె పెట్టలేదు. కాసేపటికి అందుకున్నాడు.

సాయంత్రం ఆటో వచ్చినప్పుడు, "రేపు మొదటి బస్సుకు వస్త, నువ్వు పో సారూ" అన్నాడు. దవాఖానాకు కూడా పది రోజులుగా రేపొస్తననే చెప్తున్నాడట. సైదులు మాత్రం దిగి వెళ్లి ఆయనతో ఏదో మాట్లాడి వచ్చాడు. ఏమిటని అడగలేదు.

ఇప్పుడు భద్రాచలంలో లాడ్జి గదిలో కూర్చుని ఇది రాస్తున్నాను. ఎందుకు వెళ్లానో పొద్దున నాకే సరిగ్గా తెలియదు. వీళ్లు సుజాత అసలు గొంతు ఎప్పుడూ వినలేదు. క్లాసులో ఆమె ఎలా అరిచేదో తెలియదు. జుట్టు ఊడి, బరువు తగ్గి, నా చెవిలో గుసగుసలాడిన మనిషే వాళ్లకు తెలుసు. అయినా ఆమె సరదా మనిషని వాళ్లకు తెలుసు. ఆ రెండు నెలలను నేను జబ్బు రోజులుగానే లెక్కేసుకున్నాను. ముత్తయ్య ముందు దుప్పటి సంగతి చెప్పినప్పుడు, అవి కూడా మా కాపురంలోని రోజులేనని తెలిసింది.

చర్ల దాటి వెళ్లేవాళ్లకు ఒక మాట. చీకటి పడ్డాక అటు ఆటోలు తిరగవు, తిరుగు ప్రయాణానికి వెళ్లిన ఆటోనే మాట్లాడి ఉంచుకోండి.

రేపు పొద్దున చర్ల నుంచి మొదటి బస్సు వచ్చే సరికి బస్టాండులో నిలబడతాను. ముత్తయ్య దిగితే ఇద్దరం ఖమ్మం వెళ్తాం. దిగకపోతే, నేను అదే బస్సులో చర్ల వెళ్తాను.