గొట్టంలో ఊదిన కృష్ణమ్మాళ్

కృష్ణమ్మాళ్‌ను ఏం పని చేస్తావని ఎవరైనా అడిగితే చాలు, మెడ నిటారుగా పెట్టి "కాడుకు పోతాను" అంటుంది. కాడంటే చేను. వాన లేక ఆ చేను ఎప్పుడో బీడుపడింది. అయినా ఆమె రోజూ పొద్దున్నే కొడవలి భుజాన వేసుకుని ఊరు దాటుతుంది. మలుపు తిరగ్గానే కొడవలిని ముళ్లపొదలో దాచి, వెంబకోట్టై పటాసు కంపెనీ వ్యాను ఎక్కుతుంది. సేద్యగాళ్ల ఇంటి ఆడది మందు నింపే కూలికి పోతోందని తెలిస్తే మానం ఏం కాను?

ఆమె మనవరాలు యువరాణి చిన్నప్పటి నుంచి కోవిల్‌పట్టిలో మేనత్త ఇంట్లో పెరిగింది కాబట్టి దానికీ ఈ సంగతి తెలియదు. ఇప్పుడు విరుదునగర్ కాలేజీలో చదువుతోంది. అక్కడ వాసుకి మేడం, ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్లెక్కిన పిల్లలను ఏరి వైద్య పరిశోధనకు తయారుచేస్తోంది. పని బాగా చేసినవాళ్లను మదురైలో ఒక ల్యాబుకు పంపుతారు. యువరాణి ఎంచుకున్న పని: పటాసు మందు మధ్య పనిచేసేవాళ్ల ఊపిరినీ, చేలల్లో పనిచేసేవాళ్ల ఊపిరినీ కొలిచి పోల్చడం.

యువరాణి ఊపిరి కొలిచే గొట్టం పట్టుకుని ఊరికి వస్తోందని తెలియగానే కృష్ణమ్మాళ్ ముందురోజే ఇల్లిల్లూ తిరిగింది.

"అడిగితే కాడుకు పోతామనే చెప్పండే. మన మానం మనమే కాలేజీ దాకా మోసుకుపోయి పారేసుకుంటామా?"

ఆడవాళ్లందరూ ఎందుకో మారుమాటాడకుండా సరేనన్నారు. మరునాడు తిన్నె మీద వరుసగా కూర్చుని ఊదారు. పనేదంటే అందరూ కాడే అన్నారు.

వారం తిరక్కుండా యువరాణి ఏడుస్తూ వచ్చింది.

"చేలల్లో పనిచేసేవాళ్లకు ఊపిరి ఇంత తక్కువ ఉంటుందా, ఇంట్లో కూర్చుని రాసేశావా అని మేడం అందరి ముందూ అడిగినారవ్వా. సోమవారంలోపు సరిచేయకపోతే మదురైకి నా పేరు తీసేస్తారంట. నన్ను దొంగ అనుకుంటాండారు."

కృష్ణమ్మాళ్ చేటలోని మినుములు చెరుగుతూ ఆగిపోయింది. తలెత్తి పిల్ల మొహం చూడలేకపోయింది.

ఆదివారం యువరాణి మళ్లీ కొలవడానికి ఆడవాళ్లను తిన్నె మీదికి పిలిచింది.

"ఏం పని చిన్నవ్వా?" అని యువరాణి అడిగితే, కృష్ణమ్మాళ్ ఆడపడుచు పేచ్చియమ్మాళ్ ఓరగా వదిన వైపు చూసి, "కాడే. ఇంకేముందమ్మీ?" అంది.

కృష్ణమ్మాళ్‌కు చెవులు మండాయి. గడపలో నిలబడి, గోడకు చెబుతున్నట్టుగా అంది:

"నాది మార్చి రాయే. నేను పటాసుకు మందు నింపతాను. కాడుకు పోయి చాలా నాళ్లయింది. వీళ్లను అబద్ధం చెప్పమనిందీ నేనే."

పేచ్చియమ్మాళే నోరు విప్పింది.

"తెలుసు వదినా. నీ తలలో వెండి మందు తళుక్కుమంటే, వయసుకు నరిసిందని అనుకుంటామా?"

అందరూ గొల్లుమన్నారు. కృష్ణమ్మాళ్ తలమీద కొంగు లాక్కుంది.

"నవ్వేది తరవాత. నువ్వేం చేస్తాండావో చెప్పు ముందు."

పేచ్చియమ్మాళ్ నవ్వు సగంలో ఆగింది. "పటాసుకు తిరి, అదే వత్తి, చుట్టతాను," అంది నేల చూస్తూ. "నేను పటాసు గొట్టాలకు కాగితం అంటిస్తాను," అంది పక్కావిడ. ఒక్కొక్కరే చెప్పారు. ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు.

కృష్ణమ్మాళ్ మళ్లీ ఊదింది. గొట్టం మీది ముల్లు కొంచెం కదిలి నిలిచిపోయింది. "ఇంకోసారి గట్టిగా ఊదవ్వా," అంది యువరాణి. మళ్లీ అక్కడికే వచ్చింది. పిల్ల వంచిన తల ఎత్తకుండా ఆ అంకె రాసుకుంది. కృష్ణమ్మాళ్‌కు కూలికన్నా, అబద్ధంకన్నా ఆ ముల్లే పెద్ద సిగ్గయింది. చెయ్యరాని పనేదో చేస్తూ దొరికినట్టు లోపలికి వెళ్లిపోయింది.

సోమవారం సాయంత్రం విరుదునగర్ నుంచి ఫోను వచ్చింది.

"పేరు తీయలేదవ్వా! మదురైవాళ్ల ముందర నన్నూ మాట్లాడమన్నారు. మొదట తప్పు ఎట్ల వచ్చిందో కూడా చెప్పాలంట. ఎవరి పేరూ చెప్పములే."

"మంచిదే," అంది కృష్ణమ్మాళ్. గొంతు తగ్గించి అడిగింది:

"ఊరి పేరో?"

"అదీ అడుగుతారేమో."

"మన ఊరు వద్దే బంగారూ. ఏళాయిరంపన్నై పక్కన ఏదో ఊరని చెప్పు."