ఎదురెదురు గుమ్మాలు

మంగళవారం పొద్దున తొమ్మిదిన్నరకి, నేను పనిచేసే కాలనీలో ఉండే మరియమ్మ ఫోన్ చేసి, "మేస్త్రన్న పోయాడమ్మా" అంది. ఏ మేస్త్రి అని అడగబోయి ఆగిపోయాను. ఆ కాలనీలో అందరికీ మేస్త్రన్న ఒక్కడే. చుట్టరికం లేకపోయినా నేను బాబాయ్ అని పిలిచేదాన్ని. ఆయన పోయిన సంగతి ఏ పేపర్లోనూ రాదు, అందుకే నేను రాస్తున్నాను. రాసే అర్హత నాకుందో లేదో చివరిదాకా చదివి మీరే అనుకోండి.

ఆయన తాపీ మేస్త్రి. భార్య పోయి చాలా ఏళ్ళయింది, పిల్లలు లేరు. గురజాలలో ఒక సందులో ఒంటిగదిలో అద్దెకుండేవాడు. నేను గ్రామ సచివాలయంలో ఇంజనీరింగ్ అసిస్టెంటుని. పేదల కాలనీలో ఏ ఇల్లు ఎంతవరకు లేచిందో ఫొటో తీసి ఆన్‌లైన్‌లో ఎక్కించడం నా పని. నేను ఎక్కిస్తేనే బిల్లు కదులుతుంది. ఆ చిన్న అధికారం నా తలకి కాస్త గట్టిగానే ఎక్కిందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

సంసారాలున్నవాళ్ళు రోడ్డు పక్క స్థలాలు తీసుకున్నారు. చివర, మిరప చేల పక్కన మిగిలిన సందు ఒంటరి ఆడవాళ్ళకి వచ్చింది. అటు నాలుగిళ్ళు, ఇటు నాలుగిళ్ళు. మొగుడు పోయినవాళ్ళు, మొగుడు వదిలేసినవాళ్ళు, అసలు పెళ్ళే కానివాళ్ళు. వీళ్ళతో ఏమొస్తుందని ఏ మేస్త్రీ అటు తొంగి చూడలేదు. ఈయన వచ్చాడు. ఒక్కటే షరతు పెట్టాడు: ఒకరి ఇంటికి మిగతా ఏడుగురూ కూలీలుగా రావాలి. వచ్చారు. ఇటుకలు మోశారు, సిమెంటు మాలు కలిపారు. వాళ్ళలో మరియమ్మ రసమట్టం పెట్టి గోడ వాలిందో లేదో చూడటం కూడా నేర్చుకుంది. "బుడగ నడిమధ్యన ఉండాల. నీ పక్కకి లాక్కుంటే గోడ ఒప్పుకోదు" అని ఆమెని ఆటపట్టించేవాడు.

బేస్‌మెంట్ ఫొటోలు తీయడానికి వెళ్ళినప్పుడు చూశాను. ప్లాను ప్రకారం అన్ని ఇళ్ళకీ తూర్పు గుమ్మమే. అంటే సందులో ఒక వరస ఇళ్ళు మనకి ముఖం చూపిస్తాయి, రెండో వరస వీపు చూపిస్తుంది. ఈయన ఆ రెండో వరస గుమ్మాలు నాలుగూ సందు వైపుకి తిప్పేశాడు, సరిగ్గా ఎదుటి గుమ్మానికి ఎదురుగా. పడమర గుమ్మాలేంది, ఎదురు గుమ్మాలేంది అని మొదట ఆ ఆడవాళ్ళే గొడవపడ్డారట. వాళ్ళని ఎలాగో ఒప్పించాడు. నేను మాత్రం "ప్లాను ప్రకారం లేదు" అని రాసి ఫొటోలు ఆపేశాను. బిల్లులు ఆగిపోయాయి, పని ఆగిపోయింది. వానలు వచ్చాయి. ఆ వానలన్నీ వాళ్ళు టార్పాలిన్ల కిందే గడిపారు.

ఒకరోజు ఆఫీసుకి వచ్చాడు. చెప్పులు బయట విడిచి, గుమ్మంలోనే నిలబడి, "అమ్మాయ్, ఒకసారి పొద్దున్నే వచ్చి చూడు. చూసినాక నీ ఇష్టం" అన్నాడు.

విసుక్కుంటూనే ఆరింటికి వెళ్ళాను. గోడలు లేవు. బేస్‌మెంట్ల మీద ఎనిమిది గుమ్మాలు మాత్రం నిలబడి ఉన్నాయి. నన్ను మరియమ్మ గుమ్మంలో కూర్చోబెట్టాడు.

"ఏందమ్మా కనపడతంది?"

"ఎదురు గుమ్మం."

"అందులో?"

అందులో ఆ ఇంటావిడ ఆదెమ్మ కూర్చుని జుట్టు ముడేసుకుంటోంది. నన్ను చూసి నవ్వింది.

ఆయన నా వైపు చూడకుండా, తాపీకి అంటిన సిమెంటు గీక్కుంటూ చెప్పాడు. "నకరికల్లు పక్కన ఒక ముసలామెకి ఇల్లు కట్టా. మంచి ఇల్లే. గుమ్మంలో నుంచుంటే పక్కింటోళ్ళ వెనక గోడ తప్ప ఏం కనపడదు. ఆమె చచ్చిపోయి రెండ్రోజులు లోపలే పడుంది, ఎవరికీ తెలవలా. తలుపు పగలగొట్టడానికి నన్నే పిలిచారు. ఆ తలుపు బిగించింది నేనే గదా." తాపీ కింద పెట్టి, "ఈ ప్లాను గీసినాయన ఎప్పుడన్నా ఒక్కడే ఉన్నాడా అమ్మాయ్?" అన్నాడు.

ఆ రోజే ఫొటోలు ఎక్కించాను. పైవాళ్ళ దగ్గర నాకు అక్షింతలు బాగానే పడ్డాయి.

ఇళ్ళలోకి వచ్చాక ఆ సందుకి ఒక పద్ధతి పెట్టాడు. పొద్దు పొడిచేసరికి అందరూ తలుపులు తీయాలి. ఎవరైనా తీయకపోతే ఎదురింటావిడ వెళ్ళి కొట్టాలి. "తలుపు తీయలేదంటే జొరమన్నా అయ్యుండాల, అలకన్నా అయ్యుండాల. రెండిటికీ మనిషి గావాల" అనేవాడు. ఒకసారి ఆదెమ్మ తలుపు తీయలేదు. కొట్టి, నెట్టి చూస్తే షుగరు పడిపోయి స్పృహ లేకుండా ఉంది. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్తే బతికింది. తర్వాత వారం మళ్ళీ తీయలేదు. మరియమ్మ కంగారుగా కొడితే, "నీతో మాట్లాడను ఫో" అని లోపలినుంచి అరిచిందట. ఆ సంగతి చెప్పి బాబాయి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వేవాడు.

పని అయిపోయినా రోజూ ఎనిమిదింటికి మోపెడ్ మీద వచ్చేవాడు. ప్రతి గుమ్మాన్నీ అరచేత్తో ఒకసారి తడిమి, మరియమ్మ ఇంటి ముందు తనే వేసిన నాపరాయి మీద కూర్చుని టీ తాగేవాడు. ఎంత పిలిచినా లోపలికి వెళ్ళేవాడు కాదు. "కట్టేటప్పుడు నాది. తాళంచెవి ఇచ్చినాక మీది" అనేవాడు.

సందు చివర ఒక స్థలం ఖాళీగా ఉండిపోయింది. అక్కడ ఒక వేపకర్ర గుమ్మం తెచ్చి పడుకోబెట్టుకున్నాడు. ఎవరికి బాబాయ్ అంటే ఆ కర్ర మీది దుమ్ము తుడవడం మొదలుపెట్టాడు. ఇంకోరోజు నవ్వుతూనే అడిగాడు, "మగోళ్ళకియ్యరా అమ్మాయ్ ఇళ్ళు?" అని.

"పట్టాలు ఆడవాళ్ళ పేరు మీదే ఇస్తారు బాబాయ్."

"అంతేలే" అన్నాడు.

నేను చెప్పింది నిజమే. కానీ పైకి ఒక్క కాగితం రాసి అడిగి ఉండొచ్చు. రాస్తానని మాట కూడా ఇచ్చాను. రెండు మిరపకోతలు అయిపోయాయి, నేను రాయలేదు. మర్చిపోయానంటే అబద్ధం. ఒకసారి ఆయన కోసం తిట్లు తిన్నాను, మళ్ళీ ఎందుకులే అనుకున్నాను.

ఆ మంగళవారం ఎనిమిదింటికి ఆయన రాలేదు. మరియమ్మ రెండుసార్లు ఫోన్ చేసి, ఎత్తకపోతే టీ గిన్నె దించేసి ఆటో ఎక్కి గురజాల వెళ్ళింది. తలుపు లోపల గడియ పెట్టి ఉంది. పక్క గదులవాళ్ళకి ఏమీ తెలియదు. ఆ తలుపుకి ఎదురుగా ఉన్నది ఒక కొట్టు వెనక గోడ. పగలగొట్టి చూసేసరికి ఒళ్ళింకా వెచ్చగానే ఉందట. ఆయన భయపడినట్టు రెండు రోజులు పడి ఉండలేదు, అంతవరకే. ఆ సందులోనే ఉండి ఉంటే ఆరింటికే ఎవరో ఒకరు తలుపు కొట్టేవాళ్ళు. ఆ మాట మరియమ్మ నాతో అనలేదు. అనకపోవడమే నాకు భరించలేనట్టుగా ఉంది.

సమాధుల తోటలో ఆ ఎనిమిదిమందీ మట్టి వేశారు. ఆయనకి బంధువులని వేరే ఎవరూ రాలేదు. నేను వెనకాల నిలబడ్డాను.

నాలుగో రోజు పొద్దున ఆరింటికి ఆ సందుకి వెళ్ళాను. చివరి స్థలంలో ఆ వేపకర్ర గుమ్మాన్ని ఆడవాళ్ళే సిమెంటు పోసి నిలబెట్టారు. మరియమ్మే రసమట్టం పెట్టి చూసిందట. గుమ్మం చుట్టూ గోడ లేదు. అందులోంచి చేలో ఆరబోసిన మిరపకాయలు ఎర్రగా కనిపిస్తున్నాయి.

తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. మరియమ్మ బయటికి వచ్చి అన్నిటినీ వరసగా చూసుకుంటూ సందు చివరికి నడిచింది. ఆ గుమ్మం దగ్గర ఆగి, కర్ర మీద వేలి కణుపులతో రెండుసార్లు కొట్టింది. కొట్టి, జవాబు కోసం నిలబడింది.