ఐస్ స్టేడియంలో కర్చీఫ్ వేసిన సీటు

మాది రెంటచింతల. మే నెలలో పేపర్లో మా ఊరి పేరు పడిందంటే అది ఎండల గురించే. అలాంటి ఊళ్ళో పుట్టి ఐస్ హాకీ స్టేడియం మెట్లెక్కానంటే ఆట మీద మోజుతో కాదు, మనిషి ముఖం చూద్దామని.

అమెరికాలో, పార్సిప్పనీ అనే ఊళ్ళో నా మొదటి చలికాలం అది. డిపెండెంట్ వీసా మీద వచ్చాను, ఉద్యోగం చేయకూడదు. డ్రైవింగ్ రాదు. మా ఆయన ఎనిమిదింటికి ఆఫీస్‌కి వెళ్తే మళ్ళీ చీకటి పడ్డాకే రావడం. ఫోన్ చేద్దామంటే మధ్యాహ్నానికల్లా అక్కడ మావాళ్ళంతా నిద్రలో ఉండేవాళ్ళు. గోడలతో ఎంతసేపని మాట్లాడతాను? రోడ్డుకి అవతలే ఆ పాత స్టేడియం. మధ్యాహ్నాలు స్కూలు జట్లు ప్రాక్టీస్ చేసేవి. తలుపు తీసే ఉండేది, టికెట్ అడిగేవారు లేరు.

"బయట చలి చాల్లేదా తల్లీ, ఐస్ పక్కన కూర్చుంటావా?" అని మా ఆయన వేళాకోళం.

వెళ్ళిన రోజే పప్పులో కాలేశాను. ఐస్ మీదికి వెళ్ళే గేటు పక్కన, మొదటి వరసలో ఒక చెక్క సీటు మీద కర్చీఫ్ వేసి కాఫీ మెషిన్ దగ్గరికి వెళ్ళాను. స్టేడియమంతా ఖాళీయే. అయితేనేం, నరసరావుపేట బస్టాండులో కిటికీలోంచి కర్చీఫ్ విసిరి సీటు పట్టిన చెయ్యి ఊరుకుంటుందా! తిరిగొచ్చేసరికి డెబ్బై దాటిన ఒకావిడ పక్క సీట్లో కూర్చుని నా కర్చీఫ్ వంకే చూస్తోంది.

"ఇదేంటి?"

"ఈ సీటు నాదని గుర్తు. మా ఊరి బస్సుల్లో ఇలాగే వేస్తాం" అన్నాను, నాకొచ్చిన ఇంగ్లిష్‌లో.

"సారీ. ఇది మా ఆయన సీటు. ఆయన వస్తారు."

సిగ్గుతో చచ్చిపోయాను. కర్చీఫ్ కూడా తీసుకోకుండా దూరంగా వెళ్ళి కూర్చున్నాను.

ఆయన ఆ రోజు రాలేదు. మర్నాడూ రాలేదు. రెండు వారాలయ్యాక ఆవిడే చెప్పింది, ఆయన పోయి ఆరేళ్ళయిందని.

అప్పట్నుంచీ ఆయన సీటుకి అటు ఆవిడ, ఇటు నేను. ఆ స్టేడియం సంగతులన్నీ ఆవిడ చెప్పినవే. మొదట్లో దానికి కప్పే లేదట. ఊళ్ళో రంగుల ఫ్యాక్టరీ పనివాళ్ళు ఆదివారాలు వచ్చి దూలాలు ఎక్కించారట. ఐస్‌ని నున్నగా చేసే మెషిన్ కూడా లేదు. బండి మీద వేడినీళ్ళ పీపా, వెనకాల ఈడ్చుకొచ్చే తడి గుడ్డ. ఆ బండి లాగింది వాళ్ళాయనే.

"వేడినీళ్ళా!" అని నోరెళ్ళబెట్టాను. వేడివైతేనే సమంగా పరుచుకుని గడ్డకడతాయట. మా అమ్మమ్మ వాకిలి అలికినట్టు ఆయన ఐస్‌ని అలికేవాడన్నమాట. బండితో గేటు దాటుతూ మొదటి వరసలో కూర్చున్న అమ్మాయిని చూసేవాడట. ఆ అమ్మాయి ఈవిడే. తర్వాత ఫ్యాక్టరీ మూతపడింది, ఆటకి జనం తగ్గారు, కప్పు కారడం మొదలైంది.

ఇంత మాట్లాడుకున్నామా, ఒకరి పేరు ఒకరం అడగనే లేదు. ఆవిడ నన్ను "హనీ" అనేది. ఇప్పుడు వెతుకుదామన్నా నా దగ్గర పేరు లేదు.

మార్చిలో తలుపుకి నోటీసు అంటించారు. స్టేడియం కూల్చి గోడౌన్ కడతారట. ఆ ఊళ్ళో నాతో మాట్లాడే మనిషి ఆవిడొక్కతే.

"ఫోన్ నంబర్ తీసుకోవచ్చుగా?" అన్నాడు మా ఆయన.

ఎలా అడగను? ఆవిడ వచ్చేది మొగుడి కోసం. నేను ఆవిడకి ఏమవుతానని? నేను రాకపోతే ఆవిడకి తెలుస్తుందా అసలు?

చివరి మ్యాచ్ శనివారం మధ్యాహ్నం. ఆ రోజే మా ఇంటికి భోజనానికి మనుషులొచ్చారు. వాళ్ళని సాగనంపి పరుగెత్తేసరికి ఆట సగం అయిపోయింది. ఇన్నాళ్ళూ ఎక్కడున్నారో గానీ ఊరంతా అక్కడే ఉంది, ఇసక వేస్తే రాలనంత జనం. మెట్ల మీద కూడా కూర్చున్నారు. తోసుకుంటూ కిందికి దిగాను. రెండు చేతుల్లో కాఫీ కప్పులతో ఒక భారీ మనిషి ఆవిడ వాళ్ళాయన సీటు ముందు నిలబడి ఏదో అడుగుతున్నాడు.

"సారీ" అంటోంది ఆవిడ. "ఆ అమ్మాయి వస్తుంది."

సీటు మీద నా కర్చీఫ్ ఉంది. ఉతికి, ఇస్త్రీ చేసి, నాలుగు కొసలూ సర్ది పరిచి ఉంది.

ఆవిడ నన్ను చూసి, "ఆలస్యం చేశావు, కూర్చో" అంది. కర్చీఫ్ తీసి ఆయన సీట్లో కూర్చున్నాను. ఆట ఎవరు గెలిచారో నాకు తెలియదు. ఆ కర్చీఫ్‌తో ముందు ఆవిడ కళ్ళు తుడుచుకుంది, తర్వాత నేను తుడుచుకున్నాను.